గాజుతొట్టిలో బంగారు చేప

పిల్లల పుట్టినరోజుకో, సంక్రాంతి సెలవులకో ఒక గుండ్రని గాజుగిన్నె, అందులో రెండు బంగారు చేపలు ఇంటికి వస్తాయి. దుకాణదారుడు ప్లాస్టిక్ సంచిలో కొంత నీరు, కొంత గాలి నింపి, రబ్బరు బిగించి ఇచ్చిన ఆ చేపలను పిల్లలు ఒడిలో పెట్టుకొని బస్సులో ఎంతో జాగ్రత్తగా తెచ్చుకుంటారు. మొదటి మూడు రోజులు ఇంటిల్లిపాదీ ఆ గిన్నె చుట్టూనే తిరుగుతారు. వారం గడిచేసరికి నీరు కొద్దిగా తెల్లబారుతుంది. చేపలు నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంటాయి. ఆకలి వేసిందేమోనని మరికొంత మేత వేస్తారు. పదవ రోజు ఉదయం రెండు చేపలూ వెల్లకిలా తేలుతూ కనిపిస్తాయి. దిష్టి తగిలిందని ఒకరు, చేపలు ఆ ఇంటికి అచ్చిరాలేదని మరొకరు అంటారు. గిన్నె అటక మీదికి చేరుతుంది. జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా, మరే ఊరిలోనైనా ఈ కథ ఇంచుమించు ఒకే విధంగా ముగుస్తుంది.

నిజానికి ఆ చేపలకు తగిలినది దిష్టి కాదు, విషం. ఆ విషం బయటి నుండి వచ్చినది కాదు. చేపల శరీరాల నుండే వెలువడి, తొలగిపోయే మార్గం లేక అదే నీటిలో పేరుకొన్నది. చక్కగా పోషిస్తే బంగారు చేప పది సంవత్సరాలకు పైగా జీవించగలదు. ఇంగ్లాండులో 1956లో ఒక సంతలో బహుమతిగా లభించిన ‘టిష్’ అనే సాధారణ బంగారు చేప 43 సంవత్సరాలు జీవించి 1999లో మరణించింది. అంతటి ఆయుర్దాయం గల ప్రాణి పది రోజులలో మరణించడానికి కారణం దాని బలహీనత కాదు, పెంచేవారికి నీటిని గురించి తెలియకపోవడమే. చేపను పెంచడమంటే ముందుగా నీటిని పోషించడమని గ్రహించినవారి ఇంట బంగారు చేప కలకాలం వర్ధిల్లుతుంది.

బంగారు చేప పుట్టుపూర్వోత్తరాలు

బంగారు చేప జన్మస్థానం చైనా దేశం. వేయి సంవత్సరాలకు పూర్వమే అక్కడి చెరువులలోని బూడిదవన్నె కార్ప్ చేపలలో అరుదుగా ఎర్రని, పసుపుపచ్చని పిల్లలు పుట్టేవి. వాటిని వేరుచేసి పెంచడం ప్రారంభమైంది. సుంగ్ రాజవంశ కాలంలో, అనగా 960 నుండి 1279 వరకు గల కాలంలో, బంగారు చేపలను ఉద్యానవనాల కొలనులలో పెంచడం సంపన్నుల వేడుకగా మారింది. తరువాత మింగ్ రాజవంశ కాలంలో వాటిని పింగాణీ పాత్రలలో ఇళ్ల లోపల ఉంచసాగారు. వేగంగా ఈదే అవసరం లేని ఆ పాత్రలలో వింత ఆకారం గల చేపలు కూడా బ్రతికి బట్టకట్టాయి. వాటిని ఎంచి జతకట్టించగా జంట తోకలు, ఉబ్బిన కన్నులు, గుండ్రని ఉదరం గల రకాలు ఏర్పడ్డాయి. అవి జపానుకు, పదిహేడవ శతాబ్దంలో ఐరోపాకు చేరాయి. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో తన గ్రంథం ద్వారా ‘అక్వేరియం’ అనే పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆనాటి నుండి గాజుతొట్టి సామాన్య గృహాలలోనూ స్థానం పొందింది.

తెలుగువారికి ఈ చేప పరాయిది కాదు. అందరూ ఎరిగిన శీలావతి, బొచ్చె చేపల కుటుంబమే దీనిదీ. కొల్లేరు పరిసరాలలో చేపల చెరువులు సాగుచేసే రైతు తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్లి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో పరిశీలిస్తాడు. తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని గ్రహించి వెంటనే ఏరేటర్లు నడిపిస్తాడు. మేత మాత్రం ఆపివేస్తాడు. గాజుగిన్నెలోని బంగారు చేప నోరు తెరిచినప్పుడు తెలియనివారు మేత వేస్తారు. ఒకే సూచనను ఇద్దరూ చూచారు. దానిని అర్థం చేసుకోవడంలోనే భేదమున్నది.

మన ప్రాంతపు దుకాణాలలో లభించే బంగారు చేపలు ప్రధానంగా రెండు విధాలు. పొడవైన శరీరం, ఒంటి తోక గల కామెట్ వంటివి ఒక విధం. గుండ్రని శరీరం, జంట తోక గల ఒరండా, ర్యుకిన్, ఫాన్‌టెయిల్, నల్లని బ్లాక్ మూర్ వంటి అలంకార రకాలు రెండవ విధం. అలంకార రకాలలో శరీరం కుదించుకొనిపోవడం వలన లోపలి అవయవాలు ఇరుకుగా ఉంటాయి. వాటిని తేల్చి నిలిపే గాలితిత్తి మీద ఒత్తిడి పడుతుంది. అవి నెమ్మదిగా ఈదుతాయి. బ్లాక్ మూర్‌కు చూపు కూడా మందం. కనుక వీటిని చురుకైన కామెట్‌లతో కలిపి ఉంచితే మేత అంతా కామెట్‌లకే దక్కుతుంది. వాజాలను కొరికే టైగర్ బార్బ్ వంటి చేపలతో ఉంచడం మరింత ప్రమాదం. మనుషులు తమ కంటి వేడుక కోసం మలచుకొన్న రూపమిది. ఆ రూపం వలన కలిగే ఇబ్బందులకు తగిన శ్రద్ధ వహించడం కూడా మనుషుల బాధ్యతే.

రాతిగుణం, నీటిగుణం

పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతంలో జగ్గయ్యపేట, నందిగామ ముఖ్యమైన పట్టణాలు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. నందిగామ సమీపంలో మున్నేరు, జగ్గయ్యపేట సమీపంలో పాలేరు ప్రవహించి కృష్ణానదిలో కలుస్తాయి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద నిలిపిన జగ్గయ్యపేటకు పూర్వనామం బేతవోలు. ఆ పట్టణ సమీపంలోని ధనంబోడు వద్ద ప్రాచీన బౌద్ధ స్తూపం ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో జేమ్స్ బర్జెస్ దానిని పరిశోధించి, 1887లో ప్రకటించిన గ్రంథంలో అమరావతి స్తూపంతో పాటు వర్ణించాడు. ఆనాటి శిల్పులు బొమ్మలు చెక్కినది సున్నపురాతి పలకల మీదనే. నేడు అక్కడి సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు కూడా ఆ సున్నపురాయే.

ఆ రాతికీ బంగారు చేపకూ సంబంధమేమిటన్న సందేహం కలగడం సహజం. వాననీరు నేలలోనికి ఇంకేటప్పుడు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. అందువలన ఆ నేలలోని బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటాయి. దీనినే కఠినజలం అంటారు. నీళ్లు కాచే గిన్నె అడుగున ఏర్పడే తెల్లని పొర, సబ్బు సరిగా నురగ రాకపోవడం ఈ నీటి లక్షణాలు. ఇటువంటి నీరు సాధారణంగా కొద్దిగా క్షారగుణం కలిగి ఉంటుంది. దానిని కొలిచే పి.హెచ్. విలువ శుద్ధజలంలో 7 కాగా, కఠినజలంలో 8కి అటూ ఇటూగా ఉండడం కద్దు.

బంగారు చేపకు కఠినజలం వలన మేలు, కీడు రెండూ ఉన్నాయి. ఈ చేప కఠినజలంలో చక్కగా జీవిస్తుంది. నీటిలోని లవణాలు పి.హెచ్. హఠాత్తుగా పడిపోకుండా కాపాడతాయి. ఇది మేలు. తొట్టిలో అమ్మోనియా పేరుకొంటే అది క్షారజలంలో అనేక రెట్లు ప్రమాదకరంగా మారుతుంది. ఇది కీడు. మెట్ట ప్రాంతపు ఇళ్లలో బంగారు చేపలు త్వరగా మరణించడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

కంటికి కనిపించని విషం

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు అమ్మోనియా ఏర్పడుతుంది. చేప దానిని ప్రధానంగా మొప్పల ద్వారా నీటిలోనికి విడుస్తుంది. మిగిలిపోయిన మేత, మలం కుళ్లడం వలన కూడా అమ్మోనియా పుడుతుంది. దీనికి రంగు లేదు. నీరు అద్దంలా స్వచ్ఛంగా కనిపించినప్పటికీ అందులో ప్రాణాంతకమైన మోతాదు ఉండవచ్చు. నదిలోనైతే ప్రవాహం దానిని కొట్టుకొనిపోతుంది. అయిదు లీటర్ల గిన్నెలో అది ఎక్కడికీ పోలేదు.

నీటిలోని అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి దాదాపు నిరపాయకరం, రెండవది మొప్పలను కాల్చివేసే విషం. పి.హెచ్. విలువ, ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ విషరూపం వాటా పెరుగుతుంది. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం వెయ్యింట ఆరు వంతులకు మించదు. అదే ఉష్ణోగ్రతలో పి.హెచ్. 8 అయితే వెయ్యింట 54 వంతులు, అనగా తొమ్మిది రెట్లు అధికం. నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే అది వెయ్యింట 75 వంతులకు చేరుతుంది. మరొక ఊరిలో చేప తట్టుకొనగల మాలిన్యాన్ని ఎండాకాలంలో కఠినజలపు తొట్టిలోని చేప తట్టుకొనలేకపోవడానికి కారణమిదే.

ఈ విషానికి విరుగుడును ప్రకృతియే ఏర్పాటు చేసింది. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను ఆహారంగా గ్రహించి నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసుకొనిపోయే శక్తిని హరిస్తుంది. మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వలన ప్రమాదం చాలా తక్కువ. అప్పుడప్పుడు కొంత నీటిని మార్చడం ద్వారా దానిని తొలగించవచ్చు. నేలలో జరిగే ఈ నత్రీకరణం రెండు దశలుగా, వేర్వేరు సూక్ష్మజీవుల ద్వారా జరుగుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించాడు. పంటపొలంలో యూరియా పైరుకు అందే క్రమంలోనూ ఇదే ప్రక్రియ ఉన్నది. పత్తి, మిరప పండించే మెట్ట రైతుకు నేలలో జరిగే మేలు, గాజుతొట్టిలో చేపకూ జరుగుతుంది.

అయితే ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు. ఫిల్టరులోని స్పాంజి, గులకరాళ్ల మీద అవి స్థిరపడి వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజుననే చేపలను కూడా కొనడం ఇందువలననే పొరపాటు. చేపలు లేకుండానే ఫిల్టరును నడిపిస్తూ, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తే సూక్ష్మజీవులకు ఆహారం లభిస్తుంది. ఆరోగ్యకరమైన పాత తొట్టిలో వాడుతున్న స్పాంజిని కొంత తెచ్చి కొత్త ఫిల్టరులో ఉంచితే ఈ వ్యవధి బాగా తగ్గుతుంది. పాలను తోడు పెట్టడం వంటిదే ఈ పని. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయినట్లు పరీక్ష కిట్టులో తేలిన తరువాతనే చేపలను తేవాలి.

తొట్టి, ఫిల్టరు

గుండ్రని గాజుగిన్నె బంగారు చేపకు తగిన నివాసం కాదు. అందులో నీరు తక్కువ, గాలి తగిలే పైభాగం తక్కువ, ఫిల్టరు అమర్చే వీలు లేదు. ఇటలీలోని రోమ్ నగరపాలక సంస్థ 2005లో ఇటువంటి గిన్నెలలో చేపలను ఉంచడాన్ని నిషేధించింది. అలంకార రకం చేప పెరిగితే ఆరు అంగుళాలకు పైగా ఉంటుంది. రెండు చేపలకు సుమారు వంద లీటర్ల నీరు పట్టే తొట్టి అవసరం. మూడు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టిలో అంచు వరకు నింపితే సుమారు 106 లీటర్లు పడతాయి. చిన్న తొట్టి పోషణకు సులువని భావించడం సహజమే కాని, వాస్తవం దీనికి విరుద్ధం. నీరు ఎక్కువగా ఉంటే మాలిన్యం పలచబడుతుంది, ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతుంది, పొరపాటును సరిదిద్దుకొనే వ్యవధి లభిస్తుంది.

వంద లీటర్ల నీటి బరువు వంద కిలోలు. గాజు, రాళ్ల బరువు దీనికి అదనం. కావున తొట్టిని బలమైన ఇనుప స్టాండు మీద, సమతలంగా, అడుగున థర్మోకోల్ పలక పరచి నిలపాలి. ఎండ సూటిగా పడే కిటికీ పక్కన, వంటింటి వేడి తగిలే చోట ఉంచరాదు. అడుగున పలుచగా గులకరాళ్లు పరిస్తే చాలు. బంగారు చేప రాళ్లను నోటిలోనికి తీసుకొని వెదకే స్వభావం కలది కనుక, గొంతులో ఇరుక్కొనే పరిమాణంలోని రాళ్లను, కొసలు వాడిగా ఉన్న అలంకార వస్తువులను వాడరాదు.

గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చౌకగా లభిస్తుంది. రెండు చేపల తొట్టికి అటువంటివి రెండు అమర్చితే ఒకటి చెడినా రెండవది పనిచేస్తుంది. స్పాంజి మురికిగా మారినప్పుడు దానిని కుళాయి కింద సబ్బుతో తోమడం పెద్ద పొరపాటు. ఆ మురికితో పాటు నెలల తరబడి వృద్ధి చెందిన సూక్ష్మజీవులూ నశిస్తాయి. తొట్టి నుండి బయటకు తీసిన నీటిలోనే స్పాంజిని రెండు మూడు సార్లు పిండి తిరిగి అమర్చాలి. రెండు స్పాంజిలను ఒకే రోజున శుభ్రం చేయరాదు.

నీటి మార్పు

వారానికి ఒకసారి తొట్టిలోని నీటిలో నాల్గవ వంతు నుండి మూడవ వంతు వరకు తీసి, అంతే కొత్త నీరు పోయడం మంచి అలవాటు. ఉన్న నీటినంతా పారబోసి తొట్టిని కడిగి నింపడం చేపకు మేలు చేయదు. నీటి గుణం హఠాత్తుగా మారడం వలన చేప తల్లడిల్లుతుంది.

పురపాలక సంఘం సరఫరా చేసే కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. అది మొప్పలకు, మేలుచేసే సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. నీటిని వెడల్పయిన డ్రమ్ములో పట్టి, గాలిపంపు నడుపుతూ ఒక రోజు ఉంచితే క్లోరిన్ తొలగుతుంది. దుకాణాలలో లభించే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం వాడితే ఆ పని నిమిషాలలో పూర్తవుతుంది. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని, భూగర్భం నుండి వచ్చిన ఆ నీటిలో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది. దానిని కూడా ఒక రాత్రి గాలి తగిలేలా ఉంచి వాడాలి.

కఠినజలం చెడ్డదని భావించి కొందరు క్యాన్లలో వచ్చే శుద్ధిచేసిన నీటిని తొట్టినిండా పోస్తారు. ఆ నీటి నుండి లవణాలు దాదాపు పూర్తిగా తొలగిపోయి ఉంటాయి. నత్రీకరణం జరిగేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దానిని అణచే లవణాలు లేకపోతే పి.హెచ్. ఒక్కసారిగా పడిపోయి సూక్ష్మజీవులు, చేపలు రెండూ దెబ్బతింటాయి. మనుషులు త్రాగడానికి ఇష్టపడే నీరు చేపకు మేలైన నీరు కానవసరం లేదు. బోరు నీరు మరీ ఉప్పగా ఉన్నచోట రెండింటినీ కలిపి, ప్రతి వారమూ అదే పాళ్లలో వాడడం ఉచితం.

కొత్త చేపను తెచ్చినప్పుడు సంచిని తెరవకుండానే పావుగంట సేపు తొట్టి నీటిలో తేలనివ్వాలి. దాని వలన లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతలు సమానమవుతాయి. మూసిన సంచిలో చేప శ్వాస వలన బొగ్గుపులుసు వాయువు చేరి పి.హెచ్. తగ్గుతుంది. అందువలన అక్కడ పేరుకొన్న అమ్మోనియా అంతగా బాధించదు. సంచి విప్పగానే ఆ వాయువు బయటకు పోయి, పి.హెచ్. పెరిగి, అమ్మోనియా విషరూపం దాలుస్తుంది. కావున సంచి విప్పిన తరువాత ఆలస్యం చేయకుండా, చేపను మాత్రమే మెత్తగా తీసి తొట్టిలో విడవాలి. సంచిలోని నీటిని తొట్టిలో కలపరాదు.

మేత

కోనేటి మెట్ల మీద కూర్చొని చేపలకు మరమరాలు వేయడం తెలుగువారికి అలవాటే. ఆ అలవాటును గాజుతొట్టి వద్ద మానుకోవాలి. బంగారు చేపకు జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పొడవైన ప్రేగులోనికి పోతుంది. ఒకేసారి ఎక్కువ నిలువచేసుకొనే చోటు దానికి లేదు. అయినప్పటికీ మేత కనిపించినంత సేపు తింటూనే ఉంటుంది. మనిషిని చూచి గాజు దగ్గరకు పరుగెత్తి రావడం ఆకలికి గుర్తు కాదు, అలవాటుకు గుర్తు. రోజుకు రెండు పర్యాయాలు, రెండు నిమిషాలలో తినివేయగలిగినంత మేత చాలు. వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచితే హాని లేదు.

నీటి మీద తేలే మేతను తినేటప్పుడు చేప గాలిని కూడా మింగుతుంది. అలంకార రకాలు దీని వలన తలక్రిందులుగా తేలే ప్రమాదమున్నది. మునిగిపోయే గుళికలను నానబెట్టి వేయడం మేలు. ఉడికించి పొట్టు తీసిన పచ్చిబఠాణి, ఉడికించిన పాలకూర వారానికి ఒకటి రెండు సార్లు పెట్టవచ్చు. అన్నం మెతుకులు, బిస్కెట్లు, రొట్టెముక్కలు నీటిని పాడుచేస్తాయే తప్ప చేపకు పోషణనివ్వవు.

వేసవి గండం

బంగారు చేప చల్లని దేశపు జీవి. అలంకార రకాలకు 18 నుండి 24 డిగ్రీల ఉష్ణోగ్రత హితకరం. చలికాలంలో మెట్ట ప్రాంతంలో దీనికి హీటరు అవసరం లేదు. ఏప్రిల్, మే నెలలే దీనికి పరీక్షాకాలం. ఆ రోజులలో జగ్గయ్యపేట, నందిగామలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. వేడి పెరిగిన కొద్దీ చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. అనగా నీటిలో రాబడి తగ్గినప్పుడే చేపకు ఖర్చు పెరుగుతుంది. విషరూప అమ్మోనియా పెరగడం దీనికి తోడు.

వేసవిలో తొట్టి మూత తీసి, సన్నని వల కప్పి, నీటి పైభాగానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను ఉంచితే నీరు ఆవిరి కావడం వలన రెండు మూడు డిగ్రీల వేడి తగ్గుతుంది. కుండలోని నీరు చల్లబడే సూత్రమే ఇది. ఆవిరైన మేరకు నీటిని తిరిగి పోయాలి. సీసాలో నీరు గడ్డకట్టించి తొట్టిలో తేలవేయవచ్చు. అయితే ఒకేసారి ఎక్కువగా చల్లబరచరాదు. మేతను సగానికి తగ్గించాలి. విద్యుత్తు పోయినప్పుడు గాలిపంపు, ఫ్యాను రెండూ ఆగిపోతాయి. బ్యాటరీతో నడిచే గాలిపంపు దగ్గర ఉంచుకోవడం మంచిది. అది లేనప్పుడు చెంబుతో తొట్టి నీటినే ముంచి, జానెడు ఎత్తు నుండి తిరిగి పోస్తూ ఉన్నా చేపలకు ఊపిరి అందుతుంది.

రుగ్మతలు, నివారణ

చేప మాట్లాడలేదు కాని, దాని నడవడిక మాట్లాడుతుంది. వాజాలను ముడుచుకొని మూలన ఉండడం, నీటి పైన నోరు తెరవడం, మేతను ముట్టకపోవడం, తోక మీద ఎర్రని చారలు కనిపించడం అస్వస్థతకు చిహ్నాలు. ఇటువంటి సమయంలో మందు సీసా కోసం పరుగెత్తడానికి ముందు నీటిని పరీక్షించి, మూడవ వంతు మార్చాలి. పెక్కు సందర్భాలలో అదే మొదటి చికిత్స, చివరి చికిత్స కూడా. నైట్రైట్ పెరిగినప్పుడు లీటరుకు ఒక గ్రాము వంతున రాళ్ల ఉప్పును కరిగించి కలిపితే అది రక్తంలోనికి చేరకుండా అడ్డుకొంటుంది.

చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తే అది ఒక పరాన్నజీవి వలన కలిగే తెల్లమచ్చల వ్యాధి. ఆ జీవి చేప చర్మంలో దాగి ఉన్నప్పుడు మందులకు లొంగదు. చర్మాన్ని వదలి నీటిలో ఈదే దశలోనే నశిస్తుంది. అందువలన చుక్కలు మాయమైన తరువాత కూడా చికిత్సను కొన్ని రోజులు కొనసాగించాలి. నీలిరంగు మందులు ఫిల్టరులోని సూక్ష్మజీవులకూ హాని చేయగలవు కనుక, ఒక్క చేపకు మాత్రమే చేయదగిన చికిత్సను వేరొక టబ్బులో చేయడం శ్రేయస్కరం. కొత్తగా తెచ్చిన చేపను మూడు వారాలు వేరుగా ఉంచి, ఆరోగ్యంగా ఉన్నదని తెలిసిన తరువాతనే పాతవాటితో కలపాలి.

మెట్ట ప్రాంతపు రైతు కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. పత్తి, మిరప చేలలో వాడే పైరెథ్రాయిడ్ జాతి పురుగుమందులు అత్యల్ప మోతాదులోనూ చేపలను చంపుతాయి. ఇంటిలో వాడే దోమల మందులలోనూ ఆ జాతి రసాయనాలే ఉంటాయి. మందు కొట్టి వచ్చిన చేతులను, బట్టలను తొట్టికి దూరంగా ఉంచాలి. మందు కలిపిన బకెట్టును ఎంత కడిగినా నీటి మార్పుకు వాడరాదు. తొట్టి ఉన్న గదిలో దోమల మందు పిచికారీ చేయరాదు. గాలిపంపు గదిలోని గాలినే నీటిలోనికి నెడుతుందన్న సంగతి మరువరాదు.

ఏటిలో విడవరాదు

పోషించలేని పరిస్థితి వచ్చినప్పుడు కొందరు దయతో చేపలను మున్నేటిలోనో, పాలేటిలోనో, కృష్ణలోనో విడిచిపెడతారు. నెమ్మదిగా ఈదే జంటతోక చేపకు అక్కడ త్వరలోనే చావు తప్పదు. చురుకైన రకాలు బ్రతికితే స్థానిక జీవులకు ముప్పు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బర్న్స్‌విల్ నగరాధికారులు 2021లో ఒక చెరువు నుండి తీసిన భారీ బంగారు చేపల చిత్రాలను ప్రకటించి, పెంపుడు చేపలను నీటివనరులలో వదలవద్దని ప్రజలను కోరారు. తొట్టి గోడలను శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప తెలుగునాట కాలువలలోనూ, చెరువులలోనూ వ్యాపించి మత్స్యకారుల వలలకు చిక్కుతున్నది. చేపను మరొక పెంపకందారునికి ఇవ్వడమో, కొన్న దుకాణంలో అప్పగించడమో సరియైన మార్గం.

బంగారు చేపల పెంపకం ఖర్చుతో కూడిన విలాసం కాదు, క్రమశిక్షణతో కూడిన విద్య. రోజూ ఉదయం రెండు నిమిషాల పరిశీలన, వారానికి ఒక గంట శ్రమ, నీటి మార్పు తేదీలను వ్రాసుకొనే ఒక చిన్న నోటుపుస్తకం దానికి చాలు. ఆ పుస్తకంలో వ్రాసే విద్యార్థికి రసాయనశాస్త్రంలోని పి.హెచ్., జీవశాస్త్రంలోని నత్రిక చక్రం, భూగోళశాస్త్రంలోని సున్నపురాయి ఒక్కచోట కలిసి కనిపిస్తాయి. నీరు స్వచ్ఛంగా కనిపించడం వేరు, స్వచ్ఛంగా ఉండడం వేరని అతడు తెలుసుకొంటాడు. గాజుతొట్టిలో విషం పేరుకొంటే చేప ఎక్కడికీ పోలేదు. ఊరి చెరువు, ఏరు కలుషితమైతే మనుషులకూ వేరొక చోటు లేదు. అటక మీది గాజుగిన్నెను చూచి దిష్టిని తలచుకొనే ఇంట ఆ జ్ఞానం కలిగిననాడు, పదవ రోజు ఉదయం కూడా బంగారు చేప మేత కోసం గాజు దగ్గరకు ఈదుకుంటూ వస్తుంది.